నాకు యోగ్యత లేదని ప్రభువు బల్లకు దూరంగా ఉండిపోతున్న సోదరికి

ముందుగా ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో. ఈ సోదరి బాప్తిస్మం తీసుకుని చాలా ఏళ్లయింది. మధ్యలో ఒక పాపంలో పడ్డారు. దాన్ని విడిచిపెట్టారు, దేవుని ముందు ఏడ్చి ఒప్పుకున్నారు. అయినా నెల మొదటి ఆదివారం సంస్కారం (అదే ప్రభువు బల్ల, యేసు చివరి భోజనాన్ని తలచుకుని పంచే రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చే ముందు "అయోగ్యముగా తినునో" అన్న వాక్యం చదవగానే గుండె దడ పట్టుకుని, పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికి వెళ్లిపోతున్నారట. ఇలా ఏడాది దాటింది. "నాలాంటి దాన్ని దేవుడు ఇంకా ప్రేమిస్తున్నాడా? యోగ్యత వచ్చేదాకా ఆగాలా? మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా?" అని అడిగారు.

అమ్మా, ప్రేమిస్తున్నాడు. ఆగొద్దు. వచ్చే మొదటి ఆదివారమే బల్ల తీసుకోండి. మూడో ప్రశ్నకు చివర్లో వస్తాను.

నేను గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లె సంఘాల్లో పాస్టరుగా పనిచేసి ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. మీ బాధ నాకు బాగా తెలిసినదే. ఇంత సూటిగా అడిగినవాళ్లు మాత్రం తక్కువ. చాలామంది ఆ ఒక్క ఆదివారం ఒంట్లో బాగాలేదంటారు, ఊరెళ్లామంటారు. మిగతా ఆదివారాలు మామూలుగా వస్తారు, పాటలు పాడతారు, కానుకలు వేస్తారు. బల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కనపడరు. మీరు ఏం చేశారో రాయలేదు. రాయక్కర్లేదు కూడా. నేను చెప్పబోయేది ఆ పాపం చిన్నదా పెద్దదా అన్నదాన్ని బట్టి మారేది కాదు.

మిమ్మల్ని బయటికి తరుముతున్న ఆ వాక్యం దగ్గరే మొదలుపెడదాం. కొరింథు సంఘంవాళ్లకు అపొస్తలుడు పౌలు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం, 27వ వచనం. మన మందిరాల్లో దాన్ని ఒక్కదాన్నే తీసి చదువుతారు. ఇంటికి వెళ్లాక 17వ వచనం నుంచి మెల్లగా చదవండి. అక్కడ అసలు గొడవ ఏమిటో తెలుస్తుంది.

ఆ రోజుల్లో ప్రభువు బల్ల అంటే చిన్న రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం కాదు. ఎవరో ఒకరి ఇంట్లో అందరూ కూడి భోజనం చేసేవాళ్లు, అందులోనే రొట్టె విరిచేవాళ్లు. కలిగినవాళ్లు ముందే వచ్చి, తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టు తినేసేవారు. లేనివాళ్లకు ఏమీ మిగిలేది కాదు. "ఇందువలన ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును" అని పౌలు రాశాడు. ఆ వెంటనే, "దేవుని సంఘమును తిరస్కరించి పేదలను సిగ్గుపరచుదురా?" అని నిలదీశాడు. ఆయన కోపం అంతా ఇక్కడే ఉంది. అయోగ్యంగా తినడమంటే ఈ పద్ధతిలో తినడం, అంటే పక్కన సహోదరుడు ఆకలితో చూస్తుంటే పట్టించుకోకుండా, అతనూ క్రీస్తు శరీరంలో భాగమేనన్న ఆలోచన లేకుండా తినడం. అందుకే ఆ అధ్యాయం చివర్లో ఆయన ఇచ్చిన ఆజ్ఞ కూడా దానికి తగ్గట్టే ఉంది: "భోజనము చేయుటకు మీరు కూడి వచ్చునప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి."

సిగ్గుతో వెనక నిలబడినవాళ్ల పక్షాన రాసిన మాట అది. దాన్ని ఇవాళ సిగ్గుతో వెనక నిలబడినవాళ్ల మీదికే తిప్పుతున్నాం. నా పరిచర్యలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయం ఇదే.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవారు. పొలం, పలుకుబడి ఉన్న మనిషి. సంస్కారానికి ఎప్పుడూ మొదట లేచేది ఆయనే. ఫలానా పేట వాళ్లు తాగిన గిన్నెలో మా ఇంటివాళ్లు తాగరని, ముందు మాకు ఇచ్చి తరవాతే వాళ్లకు ఇవ్వాలని పట్టుబట్టేవారు. ఆయనకు 27వ వచనం విని ఒక్కనాడూ గుండె దడ రాలేదు. అదే మందిరంలో చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, గోడకు ఆనుకుని ఒక ముసలమ్మ కూర్చునేది. జీవితమంతా కూలి చేసుకుని బతికిన మనిషి. రమ్మంటే, "నా చేతులు మంచివి కావయ్యగారూ, మీరు పిలిచినా నాకే రాబుద్ధి కాదు" అనేది. ఎందుకమ్మా అంటే ఫలానా పాపం అని చెప్పేది కాదు. ఆమెకు చిన్నప్పటి నుంచి ఊరంతా చెప్పిన మాటే అది. ముట్టుకోవద్దు, దగ్గరికి రావద్దు, అక్కడే ఉండు. ఊరు చెప్పిన మాట కాస్తా ఆమె లోపల దేవుడు చెప్పిన మాటై కూర్చుంది. పౌలు ఆ మందిరానికి వచ్చి ఉంటే ఆ వచనం ఎవరి ముఖం చూసి చదివేవాడో మీరే చెప్పండి.

మన తెలుగు సంఘాలకు ఈ సంగతి ఇంకా బాగా గుర్తుండాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చిన కొత్తలో పై కులాలవాళ్లు కొందరు, మాదిగలను చేర్చుకునేట్టయితే మేం మీ దగ్గరికి రామని కబురు పెట్టారు. ఏం చేయాలో తోచక ఆయన ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయమే వచ్చిందని ఆయన తరవాత చెప్పుకున్నారు. లోకంలో నీచులను, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. ఆ మీదట ఆయన వెనక్కి చూడలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. మీ భయానికి కారణమైన పత్రికే, మన తాతముత్తాతలకు తలుపు తీసిన పత్రిక.

ఇక 28వ వచనం. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్నంతవరకే మనవాళ్లు గుర్తుపెట్టుకుంటారు. దాని తరవాత ఏముంది? "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకుని బయటికి వెళ్లిపొమ్మని లేదు. మీరు పరీక్షించుకున్నారు, పాపం ఒప్పుకున్నారు, దాన్ని వదిలేశారు. వచనంలో మొదటి సగం చేసి, రెండో సగం దగ్గర ఏడాదిగా ఆగిపోయారు.

30వ వచనం కూడా మీ మనసులో ఉండి ఉంటుంది. అయోగ్యంగా తిన్నందుకు అనేకులు రోగులయ్యారు, చాలామంది చనిపోయారు అన్న మాట. దాన్ని నేను దాటేయను, అది ఉన్న మాటే. బల్లను తేలిగ్గా తీసుకుని సహోదరులను తొక్కేసినవాళ్లను దేవుడు ఊరికే వదల్లేదు. అయితే దాని కింద 32వ వచనం చదవండి. లోకంతో పాటు మనకు శిక్షావిధి కలగకుండా ఉండటానికే ప్రభువు మనల్ని శిక్షిస్తున్నాడని ఉంది. అక్కడ కూడా ఆయన తండ్రిగానే కనపడతాడు. పైగా పిల్లాడికి జ్వరం వచ్చినప్పుడల్లా, ఆ రోజు నేను బల్ల తీసుకున్నందుకే అని లెక్క కట్టుకోమని ఆ మాటకు అర్థం కాదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసు అలాంటి లెక్కలన్నీ కొట్టేశాడు.

అసలు మొదటి బల్ల చుట్టూ ఎవరున్నారో ఒకసారి చూడండి. లూకా 22. కొన్ని గంటల్లో "ఆయనను నేనెరుగను" అని మూడుసార్లు బొంకబోయే పేతురు ఉన్నాడు. అదే రాత్రి విడిచిపెట్టి పారిపోబోయేవాళ్లు ఉన్నారు. రొట్టె విరిచిన కాసేపటికే మాలో ఎవరు గొప్ప అని వాదులాడుకున్నవాళ్లు ఉన్నారు. ఇవన్నీ యేసుకు తెలుసు. పేతురుకు ముందే చెప్పాడు కూడా. అయినా ఆ బల్ల దగ్గర ఆయన మొదట అన్న మాట, "నేను శ్రమపడకమునుపు మీతో కూడ ఈ పస్కాను భుజింపవలెనని మిక్కిలి ఆశపడితిని." ఓర్చుకుని కూర్చోబెట్టుకున్నానని కాదమ్మా, మిక్కిలి ఆశపడ్డానని అన్నాడు. ఈ ఒక్క మాట మీద ఎన్ని ప్రసంగాలు చేసినా నాకు తనివి తీరదు. పడబోతున్నవాడితో కూర్చుని భోంచేయాలని ఆశపడ్డవాడు, పడి లేచి ఏడుస్తున్న మిమ్మల్ని చూసి ముఖం తిప్పుకుంటాడా?

"దేవుని ప్రేమకు షరతులు లేవంటారు, కానీ అది మంచివాళ్ల సంగతి" అని కూడా రాశారు. రోమా 5:8 దీనికి జవాబు: "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను." మీరు బాగుపడ్డాక ఆయన ప్రేమించడం మొదలుపెట్టలేదు. అలాంటప్పుడు మీరు జారినందువల్ల ఆ ప్రేమ ఆగిపోవడానికి ఆధారం ఏముంది? మీ మంచితనం చూసి మొదలైంది కాదు కాబట్టి, మీ తప్పు చూసి ముగిసేదీ కాదు.

పాత నిబంధనలో నాకు ఇష్టమైన ఒక కథ ఉంది, రెండవ సమూయేలు 9వ అధ్యాయం. మెఫీబోషెతు సౌలు మనవడు, దావీదును చంపాలని తిరిగిన రాజు ఇంటివాడు. రెండు కాళ్లూ కుంటివి. ఎక్కడో లోదెబారులో తలదాచుకుంటున్నాడు. రాజైన దావీదు పిలిపిస్తే వచ్చి సాష్టాంగపడి, తనను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు. దావీదు ఆ మాట మీద వాదన పెట్టుకోలేదు. అలా అనుకోకు, నువ్వు గొప్పవాడివి అని బుజ్జగించనూ లేదు. నీ తండ్రి యోనాతానును బట్టి నీకు ఉపకారం చేస్తాను, నువ్వు ఎప్పుడూ నా బల్ల దగ్గరే భోంచేస్తావు అని అంతకుముందే అన్న మాటనే నిలబెట్టాడు. ఆ తరవాత మెఫీబోషెతు కాళ్లు బాగయ్యాయని ఎక్కడా లేదు. అధ్యాయం చివరి మాట కూడా అతను రెండు కాళ్లూ కుంటివాడనే చెబుతుంది. అలాగే ఉండి, రోజూ రాజుగారి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇంకొకరిని బట్టి దొరికిన చోటు అది. మీకూ నాకూ దొరికింది కూడా యేసును బట్టే. అందుకే "నాకు యోగ్యత లేదు" అని మీరు అన్నప్పుడు నేను కాదనను. నాకూ లేదు. ఆ పెద్దాయనకూ లేదు. యోగ్యత ఉన్నవాళ్లకే అయితే ఆ రొట్టె ఎవరి కోసం విరిచినట్టు?

లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్‌కు ఈ వణుకు మనకంటే ఎక్కువ తెలుసు. 1507లో ఎర్ఫర్ట్‌లో మొదటిసారి బలిపీఠం దగ్గర ఆరాధన నడిపించాల్సి వస్తే, ఇంత పరిశుద్ధుడైన దేవునితో నేనెలా మాట్లాడతానని హడలిపోయాడు. ఒక్కోసారి ఆరు గంటల దాకా పాపాలు ఒప్పుకునేవాడు, అయినా ఇంకేదో మిగిలిపోయిందన్న భయమే. అదే మనిషి 1529లో, ఇళ్లలో పిల్లలకు నేర్పడం కోసం రాసిన చిన్న ప్రశ్నోత్తరాల్లో, ఈ సంస్కారానికి యోగ్యుడెవరు అన్న ప్రశ్నకు జవాబు తేల్చేశాడు. ఉపవాసం ఉండటం లాంటివి మంచి క్రమశిక్షణే, కానీ "మీ కొరకు ఇయ్యబడినది, పాపక్షమాపణ నిమిత్తము చిందింపబడినది" అన్న మాటను నమ్మినవాడే నిజంగా సిద్ధపడినవాడు అన్నాడు. పాపభారం పూర్తిగా వదిలాక వస్తాననేవాడు ఎప్పటికీ రాలేడని అదే ఏడాది ఇంకోచోట రాశాడు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గారు గుంటూరుకు వచ్చినప్పటి నుంచి మన లూథరన్ సంఘాల్లో ఎన్నో తరాల పిల్లలు ఆ ప్రశ్నోత్తరాలను వల్లె వేశారు. నేర్చుకున్న పాఠమే, బల్ల దగ్గర మర్చిపోతున్నాం.

ఇప్పుడు ఇంకో వైపు చెప్పకపోతే నేను కాపరినే కాదు. కృప అంటే పాపానికి ఇచ్చిన లైసెన్సు కాదు. "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా?" అని పౌలే అడిగాడు. మీ ఉత్తరంలో మీరు దాన్ని వదిలేశానని రాశారు కాబట్టి మీతో ఇలా మాట్లాడుతున్నాను. ఒకరు నా దగ్గరికి వచ్చి, చీటీల డబ్బు నేనే వాడేసుకున్నాను, వాళ్లు అడిగితే పోయిందని చెప్పాను, దేవుడు క్షమిస్తాడు కదా అన్నారు. క్షమిస్తాడు, కానీ నువ్వు ఇంకా వాళ్లకు అబద్ధమే చెబుతున్నావు, ముందు వెళ్లి నిజం ఒప్పుకుని నెలకు ఇంతని తీర్చు అన్నాను. వెళ్లాడు, చెప్పాడు, తిట్లు తిన్నాడు, కొంచెం కొంచెంగా తీర్చాడు. నిజం ఒప్పుకున్న తరవాతి మొదటి ఆదివారమే అతనికి బల్ల ఇచ్చాను. ఆఖరి రూపాయి తీరేదాకా ఆపలేదు.

ఎందుకంటే యేసును చూడాలని చెట్టెక్కిన పన్నుల అధికారి జక్కయ్య విషయంలో వరస అదే. యేసు చెట్టు కింద నిలబడి, ముందు డబ్బు తిరిగిచ్చెయ్, తరవాత మీ ఇంటికొస్తాను అనలేదు. నేడు నీ యింట నేను ఉండాలి అన్నాడు. జక్కయ్య అప్పుడు లేచి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు ఇస్తానన్నాడు. ఇంటికి రావడం ముందు, నాలుగంతలు తరవాత. తీతుకు రాసిన పత్రిక 2వ అధ్యాయం కూడా, భక్తిహీనతను విసర్జించమని మనకు నేర్పేది దేవుని కృపే అంటుంది. భయంతో పాపం మానేసినవాళ్లు భయం తగ్గాక మళ్లీ అటే వెళ్లడం నేను చూశాను. తనను ఇంతగా ప్రేమించారని తెలిసి మానేసినవాళ్లు నిలబడటమూ చూశాను.

మీ వల్ల ఎవరికైనా నష్టం జరిగి ఉంటే, సరిదిద్దగలిగేది ఉంటే, సరిదిద్దండి. అలా చేయడం వల్ల ఇంకొకరి కాపురమో ప్రాణమో ప్రమాదంలో పడే పరిస్థితి ఉంటే తొందరపడి మీ అంతట మీరు బయటపెట్టొద్దు. నమ్మకమైన పెద్దవాళ్లతో ముందు మాట్లాడండి. సంఘం మధ్య నిలబడి సాక్ష్యంలో అన్నీ చెప్పాల్సిన పని లేదు.

ఒక ఇబ్బంది ఇంకా మిగులుతుంది. ఇవన్నీ చదివి అవునని తల ఊపినా, ఆదివారం పొద్దున లేచేసరికి మళ్లీ అదే బరువు ఉండవచ్చు. ఉంటే ఆశ్చర్యపోవద్దు. యోహాను దీన్ని ఎరిగే రాశాడు: మన హృదయం మన మీద దోషం మోపితే, దేవుడు మన హృదయం కంటే అధికుడు, సమస్తమూ ఎరిగినవాడు. మన మనసు మన మీద వేసే నేరం చివరి తీర్పు కాదు. పైకోర్టు ఇంకొకటి ఉంది, అక్కడ మన పక్షాన మాట్లాడేవాడు యేసే. భయం పూర్తిగా పోయాక బల్ల తీసుకుందామని ఆగకండి. భయపడుతూనే తీసుకోండి. చేతులు వణికితే వణకనివ్వండి.

ఆ ముసలమ్మకు నేను చేసింది కూడా ఇంతే. వాదించి ఒప్పించడం నా వల్ల కాలేదు. ఒక ఆదివారం రొట్టె పళ్లెం పట్టుకుని అందరికంటే ముందు ఆ గోడ దగ్గరికి వెళ్లి, కింద కూర్చుని, "నీ కొరకు, అమ్మా" అన్నాను. చాలాసేపు తల ఎత్తలేదు. తరవాత చెయ్యి చాపింది. తర్వాతి నెల కూడా అక్కడే కూర్చుంది, కానీ ఈసారి పళ్లెం రావడం ఆలస్యమైతే మెడ సాచి చూసింది.

ఇంకో సంగతి. కొంతమందిలో ఈ అపరాధభావం మామూలు పశ్చాత్తాపం కాదు, జబ్బు. ఒకే పాపాన్ని రోజుకు పదిసార్లు ఒప్పుకుంటారు, ప్రార్థనలో ఒక మాట తప్పు పలికానని మొదటి నుంచి మళ్లీ చేస్తారు, నిద్ర ఉండదు, తిండి సహించదు. ఇంగ్లిష్ కవి విలియం కూపర్ రాసిన పాటలు విశ్వాసులు ఇప్పటికీ పాడుకుంటున్నారు. ఆయనకు 1773లో, దేవుడు తనను శాశ్వతంగా త్రోసేశాడన్న నమ్మకం పట్టుకుంది. 1800లో చనిపోయేదాకా అది పూర్తిగా వదల్లేదు. ఆయన పాస్టరు జాన్ న్యూటన్ ప్రసంగాలు చేసి ఊరుకోలేదు, ఏడాదికి పైగా తన ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నాడు. దేవుడు కూపర్‌ను విడిచిపెట్టాడని నేను ఒక్క క్షణం కూడా నమ్మను. కానీ ఆ మనసుకు వైద్యం కావాలి, ఆ రోజుల్లో అది లేదు. ఇప్పుడుంది. మీకు ఇలాంటి లక్షణాలుంటే మానసిక వైద్యుణ్ణి కలవండి, అది విశ్వాసం లేకపోవడం కాదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఈ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్) వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే మొదటి ఆదివారానికి ముందు వీలైతే మీ పాస్టరు అయ్యగారిని గానీ, పాస్టరమ్మగారిని గానీ కలిసి, ఏడాదిగా బల్ల తీసుకోవడం లేదని ఒక్క మాట చెప్పండి. వివరాలు అక్కర్లేదు. శనివారం రాత్రి 103వ కీర్తన చదవండి, ముఖ్యంగా మనం మంటివారమని ఆయన జ్ఞాపకం చేసుకుంటున్నాడన్న భాగం. ముందు వరసలో కూర్చోనక్కర్లేదు గానీ, తలుపు పక్కన మాత్రం కూర్చోవద్దు. పిల్లాణ్ణి ఆ పది నిమిషాలు ఇంకెవరి ఒళ్లోనైనా కూర్చోబెట్టండి. లేచి వెళ్లిపోవడానికి ఇన్నాళ్లూ వాడే సాకుగా ఉన్నాడు.

మళ్లీ బాప్తిస్మం అడిగారు. అక్కర్లేదు. ఆ చివరి రాత్రే యేసు శిష్యుల పాదాలు కడుగుతుంటే, పాదాలే కాదు నా చేతులు, తల కూడా కడుగు ప్రభువా అని పేతురు అంటే, స్నానం చేసినవాడు పాదాలు తప్ప మరేమీ కడుక్కోనక్కర్లేదని యేసు అన్నాడు. మీ స్నానం అయిపోయింది. దారిలో అంటిన దుమ్ము ఆయన కడిగేశాడు. మీ శాపం పోవాలంటే మళ్లీ మునగాలనో, ఫలానా అంత కానుక కడితేనే విడుదల అనో ఎవరైనా చెబితే, వాళ్లు పాస్టర్లయినా ప్రవక్తలమని చెప్పుకునేవాళ్లయినా, ఒక్క రూపాయి ఇవ్వకండి. బల్ల తీసుకున్నాక వీలైతే ఇక్కడే ఒక ముక్క రాయండి. ఆ ఆదివారం పొద్దున మీ కోసం మా ఇంట్లో ప్రార్థన చేస్తాం.